ప్రయాణ బీమాలో మొదటి ఖర్చు ఎవరిది?



కోతలు ముగిసి ధాన్యం డబ్బు చేతికి వచ్చే రోజుల్లో మన సంఘాలలో పవిత్రదేశ యాత్ర మాట వినబడుతూ ఉంటుంది. అమ్మానులో దిగి, నెబో కొండ చూసి, యొర్దాను దాటి, యెరూషలేము, బేత్లెహేము, గలిలయ సముద్ర తీరము, అటుపిమ్మట సీనాయి కొండ, కైరో నగరము. ఇది సుమారు పది రోజుల ప్రయాణం. మరికొన్ని కుటుంబాలలో అమెరికాలోనో, ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న కూతురి కాన్పుకు తల్లిదండ్రులు బయలుదేరుతారు. ఒకరు పాడిగేదెను అమ్మి వెళతారు. ఒకరు చీటీ పాడుకొని వెళతారు. ఒకరు ఏండ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బుతో వెళతారు.

ఈ ప్రయాణాలన్నిటిలోనూ టికెట్టు, వీసాలతోపాటు ప్రయాణ బీమా కాగితం ఒకటి చేతికి వస్తుంది. దానిమీద 50,000 డాలర్లు అనో, 1,00,000 డాలర్లు అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చూసి మన మనస్సు నెమ్మదిస్తుంది. కాని అదే కాగితంలో, పట్టికలో చివరి వరుసన, చిన్న అక్షరాలతో మరొక అంకె ఉంటుంది. అది 100 డాలర్లు కావచ్చు, 250 కావచ్చు, 1,000 కూడా కావచ్చు. దానిని కొన్ని పాలసీలలో 'ఎక్సెస్' అంటారు, కొన్నిటిలో 'డిడక్టిబుల్' అంటారు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా పాలసీలలో మొదటి మాట ఎక్కువ. అమెరికాలోనూ మన దేశంలోనూ రెండవది ఎక్కువ. ఈ వ్యాసంలో ఎక్సెస్ అనే మాటనే వాడుకుందాం.

పరాయి దేశంలో జబ్బు చేసిన రోజున మన జేబులోనుండి ఎంత పోతుందో చెప్పేది ఈ చిన్న అంకే. కాబట్టి పాలసీ తీసుకోకముందే దీనిని చదవడం నేర్చుకుందాం.

ఎక్సెస్ అంటే ఏమిటి?

మన పల్లెలో మందిరం కట్టుకోవాలనుకున్నాం అనుకోండి. డయోసిస్ వారు, "మొదటి యాభై వేలు మీ సంఘం పోగుచేసుకోండి, ఆపైన అయ్యే ఖర్చు మేము చూసుకుంటాం" అన్నారు. మందిరానికి నాలుగు లక్షలయితే సంఘం యాభై వేలు వేసుకుంటుంది, మూడున్నర లక్షలు డయోసిస్ ఇస్తుంది. కాని పైకప్పు మరమ్మతుకు నలభై వేలే అయితే? డయోసిస్ ఒక్క రూపాయి ఇవ్వదు. అది పూర్తిగా సంఘం ఖర్చే.

ఎక్సెస్ సరిగ్గా ఇలాంటిదే. ఖర్చులో మొదటి భాగం మనది, ఆపైనది బీమా కంపెనీది. ఖర్చు ఆ మొదటి భాగానికి లోపలే ఉంటే కంపెనీ ఇచ్చేది ఏమీ ఉండదు.

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉంటే దాని పూర్తి బీమా కాగితం ఒకసారి తీసి చూడండి. అందులో 'కంపల్సరీ డిడక్టిబుల్' అని 100 రూపాయలు ఉంటుంది. బండి దెబ్బతిని మరమ్మతుకు క్లెయిము వేస్తే ఆ వంద రూపాయలు తగ్గించి మిగిలినది ఇస్తారు. అది వంద రూపాయలే కాబట్టి మనం పట్టించుకోము. ప్రయాణ బీమాలో అదే వరుసలో ఉండేది వంద డాలర్లు. డాలరును 85 రూపాయలుగా అనుకుంటే అది 8,500 రూపాయలు. కూలిపని చేసుకునే కుటుంబానికి అది ఎన్ని రోజుల సంపాదనో లెక్క వేసుకోండి.

మన పల్లె ప్రజలకు ఈ సంగతి కొత్తగా తోచడానికి కారణం ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో, జాబితాలో ఉన్న చికిత్సకు రోగి చేతినుండి డబ్బు పెట్టవలసిన పని లేదు. కార్డు చూపిస్తే చాలు అనే అలవాటు మనకు అక్కడ ఏర్పడింది. విదేశ ప్రయాణ బీమా అలా ఉండదు. అక్కడ కార్డు చూపించినా మొదటి వాటా మనల్నే అడుగుతారు.

కంపెనీలు దీనిని ఎందుకు పెడతాయి? చిన్న చిన్న బిల్లులన్నీ పరిశీలించడానికి అయ్యే ఖర్చు ఒక్కొక్కసారి ఆ బిల్లుకంటె ఎక్కువవుతుంది. మొదటి వాటా పాలసీదారుడే భరిస్తే అలాంటి బిల్లులు తగ్గుతాయి, ప్రీమియం కూడా తగ్గుతుంది. కాబట్టి ఎక్సెస్ అనేది మోసం కాదు, దొంగచాటు రుసుము కూడా కాదు. అది ఒప్పందంలో మన వంతు. మన వంతు ఎంతో తెలియకుండా ఒప్పుకోవడంలోనే ప్రమాదం ఉంది.

బీమా వ్యవహారాలను పర్యవేక్షించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఆ సంస్థ నిర్వచనం ప్రకారం ఎక్సెస్ వలన బీమా మొత్తం తగ్గదు. అంటే 50,000 డాలర్ల పాలసీలో 100 డాలర్ల ఎక్సెస్ ఉన్నంతమాత్రాన అది 49,900 డాలర్ల పాలసీ అయిపోదు. బిల్లులో మొదటి వంద మనం పెట్టుకున్న తరువాత మొత్తం 50,000 వరకు కంపెనీ బాధ్యత అలాగే ఉంటుంది.

ఒక్కొక్కరికా, కుటుంబానికంతటికీ కలిపి ఒకటేనా?

కుటుంబముగా వెళ్లేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. ఒక ఉదాహరణ చూద్దాం. తండ్రి, తల్లి, నాయనమ్మ, కాలేజీ చదివే కుమారుడు కలిసి యాత్రకు వెళ్లారు. దారిలో తిన్న భోజనం పడక ముగ్గురికి వాంతులు పట్టుకున్నాయి. నాయనమ్మకు సెలైను ఎక్కించారు, 220 డాలర్లయింది. కుమారునికి 150, తల్లికి 90 అయ్యాయి. మొత్తం 460 డాలర్లు.

మనిషికి 100 డాలర్ల ఎక్సెస్ ఉన్న పాలసీ అయితే కంపెనీ నాయనమ్మ బిల్లుకు 120, కుమారుని బిల్లుకు 50 ఇస్తుంది. తల్లి బిల్లు వందలోపే గనుక ఆమెకు ఏమీ రాదు. వచ్చినది 170 డాలర్లు, కుటుంబం భరించినది 290 డాలర్లు. రూపాయలలో 24,650.

అదే పాలసీలో, ఒక సంఘటనకు కుటుంబానికంతటికీ కలిపి 100 డాలర్లే అని ఉంటే? కంపెనీ 360 ఇస్తుంది, కుటుంబం భరించేది 8,500 రూపాయలు. ఎక్సెస్ లేని పాలసీ అయితే కుటుంబానికి ఖర్చే లేదు.

మూడు పాలసీల మీదా పెద్ద అక్షరాలలో కనబడే మొత్తం ఒక్కటే కావచ్చు. జబ్బు ఒక్కటే, బిల్లు ఒక్కటే. 'ఒక్కొక్కరికి' అనే మాట ఉందా లేదా అన్నదాని మీద పదహారు వేల రూపాయల తేడా వచ్చింది. "ఫ్యామిలీ పాలసీ" అని పేరు ఉన్నంతమాత్రాన ఎక్సెస్ కూడా కుటుంబానికి ఒకటే అనుకోవద్దు. చాలా పాలసీలలో అది మనిషికి విడివిడిగానే ఉంటుంది.

ఒక్కసారికా, ప్రతిసారికా?

రెండవ ప్రశ్న అమెరికాలో ఆరు నెలలు ఉండబోయే తల్లిదండ్రులకు చాలా ముఖ్యం. తండ్రికి మొదటి నెలలో జ్వరం వచ్చింది. మూడవ నెలలో చెవి పోటు వచ్చింది. అయిదవ నెలలో మెట్లమీద కాలు బెణికింది. ప్రతిసారీ డాక్టరు దగ్గర 180 డాలర్లయింది. మొత్తం 540.

ఎక్సెస్ 'ప్రతి సంఘటనకు' 100 అని ఉంటే మూడుసార్లూ మొదటి వంద మనదే. కంపెనీ మూడు ఎనభైలు, అంటే 240 ఇస్తుంది. మన ఖర్చు 300 డాలర్లు. ఎక్సెస్ 'పాలసీ కాలమంతటికీ ఒకసారి' అని ఉంటే మొదటి జబ్బుతోనే ఆ వంద తీరిపోతుంది. కంపెనీ 440 ఇస్తుంది, మన ఖర్చు 100.

కాబట్టి ఎక్సెస్ అంకెను మాత్రమే చూసి ఒక పాలసీని ఇంకొకదానితో పోల్చవద్దు. ప్రతిసారీ తీసుకునే 100 డాలర్ల కంటె, ఒక్కసారి మాత్రమే తీసుకునే 250 డాలర్లు కొన్ని కుటుంబాలకు మేలు కావచ్చు. తరచు డాక్టరు దగ్గరకు వెళ్లవలసి వచ్చే వయసువారి విషయంలో ఇది మరీ నిజం.

అమెరికాలో అమ్మే సందర్శకుల పాలసీలలో మరొక మెలిక ఉంది. పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, అక్కడ చేర్చుకోకుండా పంపించివేస్తే, కొన్ని పాలసీలు మామూలు ఎక్సెస్‌కు తోడు ఇంకొక ఎక్సెస్ తీసుకుంటాయి. 'అర్జెంట్ కేర్' అనే చిన్న ఆసుపత్రులకు వెళితే కొన్నిటిలో చాలా తక్కువ మొత్తంతో పని జరిగిపోతుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏ లెక్కలూ చూడకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి. దగ్గు, జలుబు, చిన్న జ్వరాలకు ఎక్కడికి వెళ్లాలో మాత్రం పిల్లలు ముందే పాలసీ చదివి పెట్టుకోవడం మంచిది.

తక్కువ ప్రీమియం వెనుక ఏముంది?

"నాన్నా, ఇంకొకటి దొరికింది, దీనికంటె నాలుగు వేలు తక్కువ" అని కొడుకు ఫోనులో చెబుతాడు. తండ్రి సంతోషిస్తాడు. కాని ఆ నాలుగు వేలు ఎక్కడినుండి తగ్గాయి అని అడగాలి. చాలాసార్లు జవాబు ఎక్సెస్‌లోనే ఉంటుంది. అమెరికా సందర్శకుల పాలసీలలో ఏమీ లేనిది మొదలుకొని 5,000 డాలర్ల వరకు రకరకాల ఎక్సెస్‌లు ఉంటాయి. ఎక్సెస్ పెంచితే ప్రీమియం తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. ఇంగ్లండులో కొంత అదనపు ప్రీమియం తీసుకొని ఎక్సెస్‌ను పూర్తిగా తీసివేసే ఏర్పాటు కూడా ఉంది. దానిని 'ఎక్సెస్ వేవర్' అంటారు.

అలాగని ఎక్సెస్ తక్కువ ఉన్న పాలసీ ఎల్లప్పుడూ మంచిదని కూడా చెప్పలేము. ఆసుపత్రి బిల్లు 12,000 డాలర్లు వచ్చిందనుకుందాం.

మొదటి పాలసీలో ఎక్సెస్ 1,000 డాలర్లు, ఆపైన అంతా కంపెనీదే. కుటుంబం భరించేది 85,000 రూపాయలు.

రెండవ పాలసీలో ఎక్సెస్ 100 డాలర్లే. కాని తరువాతి 5,000 డాలర్లలో నూటికి ఎనభై వంతులే కంపెనీ ఇస్తుంది, ఇరవై వంతులు మనం పెట్టుకోవాలి, ఆపైన అంతా కంపెనీది. అప్పుడు కుటుంబం భరించేది ఎక్సెస్ 100, ఇరవై వంతుల వాటా 1,000, మొత్తం 1,100 డాలర్లు. అంటే 93,500 రూపాయలు. పైకి వంద డాలర్ల పాలసీ చవకగా కనబడినా ఇక్కడ ఖర్చు ఎక్కువయింది.

ఈ వంతులవారీ వాటాను మన దేశపు పాలసీలలో 'కో-పే' అంటారు, అమెరికాలో 'కో-ఇన్సూరెన్స్' అంటారు. ఎక్సెస్ వేరు, ఇది వేరు. రెండూ ఒకే పాలసీలో ఉండవచ్చు. రెండింటినీ కూడి చూడాలి.

వీటన్నిటికంటె పెద్దది ఇంకొకటి ఉంది. బిల్లు 80,000 డాలర్లయి, పాలసీ 50,000 వరకే ఉంటే, ఎక్సెస్ ఎంత తక్కువైనా సరే 30,000 డాలర్లు కుటుంబం మీద పడతాయి. అది పాతిక లక్షల రూపాయలకు పైమాట. మనం పెట్టే ప్రీమియం డబ్బుకు హద్దు ఉంది కాబట్టి, ముందుగా బీమా మొత్తం చాలినంత ఉందా అని చూసుకొని, ఆ తరువాత ఎక్సెస్ సంగతి తేల్చుకోవాలి. చిన్న జబ్బులలో మనల్ని ఇబ్బంది పెట్టేది ఎక్సెస్. పెద్ద జబ్బులో ఇల్లు పోగొట్టేది చాలని బీమా మొత్తం.

ఏ బీమా మొత్తం చాలునన్నది వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. ఐరోపాలో షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలని నియమం. అమెరికాలో వైద్యం మరింత ఖరీదు గనుక అక్కడికి వెళ్లే పెద్దలు తక్కువ మొత్తంతో సరిపెట్టుకోవడం మంచిది కాదు.

గంటలలో లెక్కించే ఎక్సెస్

ఎక్సెస్ ఎల్లప్పుడూ డబ్బుగానే ఉండదు. విమానంలో వేసిన పెట్టె ఆలస్యంగా వస్తే ఇచ్చే పరిహారానికి చాలా పాలసీలలో 12 గంటలు అనో, కొన్నిటిలో 6 గంటలు అనో ఉంటుంది. శంషాబాదులో ఎక్కి దోహాలో విమానం మారి అమ్మానులో దిగారు, పెట్టె రాలేదు. అది పది గంటల తరువాత వచ్చింది. పాలసీలో 12 గంటలు అని ఉంటే పరిహారం లేదు. ఆ మధ్యలో కొనుక్కున్న బట్టలు, మందులు మన ఖర్చే.

అందుకే రోజూ వేసుకునే బి.పి., షుగరు మందులు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పెట్టె రాకపోతే విమానాశ్రయం విడిచి బయటకు రాకముందే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు చేసి 'పి.ఐ.ఆర్.' అనే కాగితం తీసుకోవాలి. అది లేకుండా క్లెయిము నిలబడడం కష్టం.

పోయిన వస్తువుల విషయంలోనూ ఎక్సెస్ ఉండవచ్చు. పోయిన చీరలు, బూట్లు కలిపి ఎక్సెస్ అంత కూడా చేయకపోతే క్లెయిము వేసి ప్రయోజనం లేదు. పాస్‌పోర్టు పోతే, చిల్లర దొంగతనం జరిగితే, ఆలస్యం చేయక అక్కడి పోలీసు రిపోర్టు తీసుకోవాలి.

పిల్లలు విదేశంలో కారు అద్దెకు తీసుకొని తల్లిదండ్రులను తిప్పుతారు. ఆ కారుకు ఉండే ఎక్సెస్ వేరు, ప్రయాణ బీమా ఎక్సెస్ వేరు. కారుకు గీత పడితే ప్రయాణ బీమా చూసుకుంటుందని అనుకోకుండా, అద్దె కాగితంలోనే ఆ వివరం చదివించుకోండి.

బృందంగా వెళ్లేటప్పుడు

పవిత్రదేశ యాత్రలలో చాలామట్టుకు బీమా కూడా ప్యాకేజీలో కలిసే ఉంటుంది. "ఇన్సూరెన్స్ ఉంది, మీరు దిగులుపడకండి" అని నిర్వాహకులు చెబుతారు. వారు మంచి మనస్సుతోనే చెప్పవచ్చు. అయినా ఆ మాటతో ఊరుకోకుండా, "అయ్యగారూ, మా పేర్లు ఉన్న పాలసీ కాగితం ఒకటి మాకు ఇప్పించండి" అని మర్యాదగా అడగండి. అందులో పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయా, ఎక్సెస్ ఎంత, అరవై దాటినవారికి వేరే హద్దులు ఉన్నాయా అని చూడండి. వయసు పెరిగేకొద్దీ కొన్ని పాలసీలలో ఎక్సెస్ పెరుగుతుంది, లేదా గది అద్దెకు, ఆపరేషనుకు వేరువేరు హద్దులు వస్తాయి.

ఈ యాత్రలో వెళ్లేవారిలో ఎక్కువమంది పెద్దవారే. యెరూషలేము సందులలో శతాబ్దాలుగా అరిగిన రాళ్లు నున్నగా ఉండి వాన పడితే జారుతాయి. సీనాయి కొండ చీకటిలో ఎక్కవలసి ఉంటుంది. మృత సముద్రంలో దిగేచోట కాలు నిలవదు. మోకాలి నొప్పి ఉన్న తల్లికి ఇవన్నీ జాగ్రత్త పడవలసిన స్థలాలు. బీమా ఉన్నదని జాగ్రత్త మానుకోకూడదు. ఎందుకంటే కాలు బెణికిన ప్రతిసారీ మొదటి వంద డాలర్లు మనవే కావచ్చు.

మరొక సంగతి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పుడు అనేక యాత్రలు ఆగిపోయాయి. యుద్ధం వలన కలిగే నష్టాన్ని ప్రయాణ బీమా పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. అలా మినహాయించిన నష్టానికి ఎక్సెస్ తక్కువైనా ఎక్కువైనా ఒకటే, కంపెనీ ఇవ్వదు. అలాగే పాత జబ్బులు. షుగరు, బి.పి., గుండె ఆపరేషను వంటివి ప్రపోజల్ ఫారంలో దాచిపెడితే తరువాత క్లెయిము మొత్తం పోయే ప్రమాదం ఉంది. "ఇది రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని ఎవరు చెప్పినా వినవద్దు. సత్యం చెప్పడం విశ్వాసికి ఎలాగూ విధి. ఇక్కడ అది లాభం కూడా.

సంతకం చేయకముందు అడగవలసిన ప్రశ్నలు

ఈ ప్రశ్నలను ఒక కాగితంమీద రాసుకొని ఏజెంటు ముందు కూర్చోండి. చదువురాని పెద్దలు ఉంటే ఇంట్లో చదువుకున్న పిల్లలు, లేదా సంఘంలోని యౌవనస్థులు వారి పక్కన కూర్చోవాలి.

1. వైద్య ఖర్చులకు ఎక్సెస్ ఎంత? డాలర్లలోనా, యూరోలలోనా?

2. అది మనిషికి విడివిడిగానా, కుటుంబానికి కలిపి ఒకటేనా?

3. ప్రతి సంఘటనకా, పాలసీ కాలమంతటికీ ఒకసారేనా?

4. ఎక్సెస్ కాక నూటికి ఇంత అని ఇంకేమైనా వాటా మేము పెట్టుకోవాలా?

5. అరవై, డెబ్బై దాటినవారికి వేరే నిబంధనలు ఉన్నాయా?

6. పాత జబ్బు ముదిరితే ఏమేరకు ఇస్తారు?

7. పెట్టె ఆలస్యానికి, విమానం ఆలస్యానికి ఎన్ని గంటలు దాటాలి?

8. ఎక్సెస్ తగ్గించుకోవాలంటే ప్రీమియం ఎంత పెరుగుతుంది?

9. ఆసుపత్రిలో చేరితే ఏ నంబరుకు, ఎంతలోపల ఫోను చేయాలి?

జవాబులు నోటిమాటగా కాక పాలసీలో ఏ వరుసలో ఉన్నాయో చూపించమనండి. ఆరోగ్య బీమా పాలసీలతో ముఖ్య విషయాలను తేలిక మాటలలో చెప్పే ఒక సమాచార పత్రం ఇవ్వాలని, పాలసీదారుడు కోరితే దానిని స్థానిక భాషలో ఇవ్వాలని ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఆదేశించింది. ఆ కొత్త పత్రం 2024 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. మీరు కూడా "తెలుగులో ఇవ్వండి" అని అడగడానికి మొహమాటపడకండి.

క్లెయిము విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలవారికీ అది అందుబాటులో ఉంది. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కాని పాలసీలో స్పష్టంగా రాసి ఉన్న ఎక్సెస్‌ను తగ్గించారని ఫిర్యాదు చేస్తే ఫలితం ఉండదు. ఆ సంగతి సంతకానికి ముందే చూసుకోవాలి.

మీ కుటుంబానికి ఎంత ఎక్సెస్ తగును?

దీనికి తేలికైన కొలబద్ద ఒకటి ఉంది. పరాయి దేశంలో, అర్ధరాత్రి, ఎవరిదగ్గరా అప్పు చేయకుండా మీరు వెంటనే తీసి ఇవ్వగలిగిన మొత్తం ఎంత? దానికి మించిన ఎక్సెస్ తీసుకోవద్దు. ప్రయాణించేవారు నలుగురై, మనిషికి 100 డాలర్ల ఎక్సెస్ ఉంటే, నాలుగు వందల డాలర్లు చేతిలో ఉండేలా చూసుకోండి. ఆసుపత్రికి కంపెనీయే నేరుగా డబ్బు కట్టే ఏర్పాటు ఉన్నా, ఎక్సెస్ మాత్రం ఆసుపత్రివారు రోగి దగ్గరనే వసూలు చేసుకుంటారు. చిన్న బిల్లులకు ముందు మనమే మొత్తం కట్టి, ఇంటికి వచ్చాక రసీదులు పంపి రాబట్టుకోవలసి రావచ్చు.

కానుకల కవరును ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టుకుంటాం కదా. అలాగే ఈ డబ్బును ఒక కవరులో వేసి, ఒలీవ చెక్క సిలువలకు గాని, ఖర్జూర పళ్లకు గాని ఖర్చుపెట్టకుండా చివరి రోజు వరకు ఉంచండి. అది అవసరపడకుండా ఇంటికి తిరిగి వస్తే దేవునికి స్తోత్రం. దానిని ఏ మంచి పనికైనా వాడుకోవచ్చు.

అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు దగ్గర ఉండబోయే తల్లిదండ్రుల లెక్క వేరు. ఆ కొడుకు వెయ్యి డాలర్లు వెంటనే కట్టగలిగితే, ఎక్సెస్ కొంచెం ఎక్కువ ఉంచి, మిగిలిన ప్రీమియం డబ్బుతో బీమా మొత్తం పెంచుకోవడం మేలు కావచ్చు. బృందంలో ఒంటరిగా వెళ్లే విధవరాలికి అది తగదు. ఆమెకు ఎక్సెస్ లేని పాలసీయో, అతి తక్కువది ఉన్నదో తీసుకొనిపెట్టడం పిల్లల బాధ్యత.

బీమా తీసుకోవడం అవిశ్వాసమా?

కొందరు విశ్వాసులు మనస్ఫూర్తిగా అడిగే ప్రశ్న ఇది. కాపాడేవాడు దేవుడైతే కాగితం ఎందుకు అంటారు. యోసేపు ఐగుప్తులో ఏడు సంవత్సరాలు ధాన్యం కూర్పించింది దేవునిమీద నమ్మిక లేకనా? దేవుడు చూపించినదానికి లోబడియే కదా. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోడా అని మన ప్రభువే లూకా 14వ అధ్యాయంలో అడిగారు. ఆయన అక్కడ చెప్పదలచినది శిష్యత్వం గురించే. అయినా లెక్క చూసుకోవడం తెలివిగలవారి పని అని అందరూ ఎరిగినదాన్నే ఆయన ఉదాహరణగా తీసుకున్నారు.

మంచి సమరయుని కథలో, దెబ్బలు తిన్న ప్రయాణికుణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చినవాడు రెండు దేనారాలు ముందే చెల్లించాడు. అంతకు మించి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా వెళ్లకముందే తేల్చి వెళ్లాడు. దయగల ఆ మనిషి లెక్కలో కూడా స్పష్టంగా ఉన్నాడు. మొదటి ఖర్చు ఎవరిది, తరువాతి ఖర్చు ఎవరిది అని మాట్లాడుకోవడం ప్రేమకు గాని విశ్వాసానికి గాని విరుద్ధం కాదని దీనివలన నేర్చుకుందాం.

సంఘపెద్దలకు ఒక మనవి. మీ సంఘంనుండి యాత్రకు ఎవరైనా బయలుదేరుతుంటే, వారిని దీవించి పంపే ఆదివారానికి ముందే ఒక సాయంత్రం వారి పాలసీలు తెరిపించి చదివించండి. స్త్రీల సమాజంవారు, యౌవనస్థులు దీనికి సహాయపడగలరు. ఒక గంట పని. ఆ గంట వలన పల్లెలో ఒక కుటుంబం అప్పులపాలు కాకుండా తప్పవచ్చు.

మీలో ప్రయాణమవుతున్న ప్రతి కుటుంబానికీ ప్రభువు ముందుగా నడిచి, ఆరోగ్యముతో వెళ్లి ఆనందముతో తిరిగి వచ్చే కృప అనుగ్రహించును గాక.